రోలింగ్ స్టోన్స్ బృందము - అరువదియేండ్ల కచేరీలు

ఈ యేటి వార్షికోత్సవమునకు సన్నాహములు జరుగుచున్న దినములలో పై తరగతుల బాలురు కొందరు మా కడకు వచ్చి, గిటారులతోను డ్రమ్ములతోను ఒక పాటకచేరి చేయుటకు అనుమతి కోరిరి. ఆ వార్త ఇండ్లకు చేరినంతనే తల్లిదండ్రులు నలుగురైదుగురు వచ్చిరి. తెలుగు పలుకు నిలుపుకొనుటకై పెద్దలు చందాలెత్తి కట్టించిన బడిలో ఈ రాక్ సంగీతమేమి, దాని వెంట వచ్చు మత్తుపదార్థముల మాటయేమి, అని అడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. కాని అప్పటికి మా యొద్ద సమాధానము లేదు. ఆ సంగీతమును గూర్చి మేము విన్నది మెండు, ఎరిగినది కొంచెము. కావున రెండు వారములు గడువు కోరి, ఆ సంగీతములో మిక్కిలి దీర్ఘకాలము వేదికపై నిలిచిన రోలింగ్ స్టోన్స్ అను ఆంగ్లేయ బృందము చరిత్రను శ్రద్ధగా చదివితిమి. అందలి మంచిని, చెడ్డను తల్లిదండ్రుల ముందుంచుటకే ఈ వ్యాసము.

లండను నగరమునకు చేరువను డార్ట్‌ఫర్డ్ అను పట్టణము కలదు. మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ అను బాలు రిద్దరు అచ్చట ఒకే ప్రాథమిక పాఠశాలలో చదివిరి. జాగర్ తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. తరువాత వారి దారులు వేరైనవి. 1961 అక్టోబరులో ఒకనాడు ఆ ఊరి రైలుస్టేషనులో వారు మరల కలిసికొనిరి. జాగర్ చేతిలో కొన్ని గ్రామఫోను రికార్డులు ఉండెను. అవి చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ అను అమెరికా నల్లజాతి గాయకులవి. ఆ రికార్డులను చూచియే రిచర్డ్స్ మాట కలిపెను. ఈ చరిత్రకంతకు మొదలు అదియే.

ఆ రికార్డులలోని సంగీతమును బ్లూస్ అందురు. మిసిసిపీ ప్రాంతమున ప్రత్తిచేలలో పాటుపడిన నల్లవారి కష్టసుఖములనుండి పుట్టినదది. వారిలో అనేకులు పని వెదకికొనుచు షికాగో వంటి ఉత్తరపు నగరములకు వలసపోయినప్పుడు పాటయును వారితో పోయినది. మడ్డీ వాటర్స్ 1943లో అట్లు షికాగోకు చేరినవాడే. నగరపు సందడిలో వినబడుటకై అచ్చట గిటారునకు విద్యుచ్ఛక్తి జోడింపబడెను. వలస వచ్చిన చోట తన పాటను విడువక, ఆ చోటికి తగినట్లు దిద్దుకొనిన జాతి కథ ఇది. మన సంఘమువారికి ఈ మాట విడమరచి చెప్ప నక్కరలేదు.

ఈ పాట సముద్రము దాటి, దానిని పుట్టించిన వారితో ఏ చుట్టరికమును లేని ఆంగ్లేయ యువకుల చెవిని పడెను. బ్రయన్ జోన్స్ అను మరియొక యువకుడు, పియానో వాయించు ఇయాన్ స్టూవర్ట్ వారితో కలిసిరి. మడ్డీ వాటర్స్ 1950లో పాడిన ఒక పాటనుండి బృందమునకు పేరు పెట్టుకొనిరి. 1962 జూలై 12వ తేదీన లండనులోని మార్కీ క్లబ్బులో మొదటి కచేరి జరిగెను. అదియును సొంతముగా దొరకిన అవకాశము కాదు. ఆనాడు వాయింపవలసిన అలెక్సిస్ కోర్నర్ బృందము రేడియో కార్యక్రమమునకు పోవుటచే ఖాళీ అయిన చోటది. వారు ఆనాడు వాయించినవన్నియు పరుల పాటలే. 1963 జనవరిలో చార్లీ వాట్స్ డ్రమ్ములు వాయించుటకు చేరెను. ఆయన ప్రకటనల సంస్థలో చిత్రములు గీయుచుండినవాడు. జాజ్ సంగీతమందు ప్రీతి గలవాడు.

ఆ యేట రిచ్‌మండ్‌లోని ఒక హోటలు వెనుకగదిలో ఆదివారము సాయంకాలములయందు వారు వాయించుచుండిరి. గది చిన్నది. వినువారు వాయించువారి ముఖమునకు ముఖము పెట్టి నిలుచుండిరి. తప్పు వాయించిన తత్‌క్షణమే తెలిసిపోవును. మేము చదివినంతవరకు వారు నిజముగా విద్య నేర్చినది ఆ గదులలోనే. ఈ చరిత్రలో చిన్న గది మాట మరల మరల వచ్చును.

ఇయాన్ స్టూవర్ట్ సంగతి కొంత చెప్పవలెను. 1963లో బృందమునకు మేనేజరుగా వచ్చినవాడు, ఆరుగురు ఎక్కువయనియు, స్టూవర్ట్ రూపము యువతకు నచ్చునది కాదనియు చెప్పి, అతనిని ఫొటోలనుండి, బృందపు పేర్ల పట్టికనుండి తీసివేయించెను. ఆ అవమానమునకు మరియొకడైనచో వెడలిపోయెడివాడు. స్టూవర్ట్ పోలేదు. వ్యాను నడపెను, వాద్యములు మోసెను, అవసరమైన పాటలకు పియానో వాయించెను. 1985 డిసెంబరులో మరణించువరకు వారితోనే ఉండెను. ఈ చరిత్రలో మాకు మొదట నచ్చిన మనిషి ఈతడు. అతనిని త్రోసివేసిన పని మాత్రము మాకు నచ్చలేదు.

1964 వచ్చునప్పటికి కీర్తి పెరిగెను, సంగీతము తరిగెను. యువతుల కేకలలో పాట మునిగిపోయెడిది. ఆ కాలపు సభాభవనములలో నుండిన ధ్వనివర్ధకములు ఉపన్యాసములకు చాలినవేగాని ఇట్టి కచేరికి చాలవు. వేదికమీదివారికి తమ వాద్యము తమకే వినబడని స్థితి. ఆ యేడు జూలైలో బ్లాక్‌పూల్ అను సముద్రతీర పట్టణమున కచేరి నడుమ పెద్ద కొట్లాట జరుగగా ఆ పట్టణసభవారు బృందమును నిషేధించిరి. ఆ నిషేధమును తొలగించినది 2008లో! నలుబదినాలుగేండ్లు ఒక తీర్మానమును కాగితములలో అట్లే ఉంచిన ఆ పట్టణసభ జ్ఞాపకశక్తి మెచ్చదగినది.

ఆ యేటనే వారు అమెరికాకు మొదటిసారి పోయిరి. పోయినవారు షికాగోలో తమ గురుతుల్యులు పాడిన చెస్ స్టూడియోను వెదకికొని పోయి అచ్చటనే రికార్డు చేసిరి. 1965లో అమెరికాలో ఒక టెలివిజను కార్యక్రమమునకు వీరిని పిలిచిరి. హౌలిన్ వుల్ఫ్ అను వృద్ధ బ్లూస్ గాయకుడు కూడ పాడవలెనని వీరు పట్టుపట్టిరి. ఆయన పాడుచుండగా ఈ యువకులు వేదికపై ఆయన పాదములకడ కూర్చుండి వినిరి. అమెరికాలోని తెల్లవారి పిల్లలలో అనేకులు తమ దేశపు ఆ గాయకుని తమ యింటి టెలివిజనులో చూచుట అదే మొదలు. మేము తల్లిదండ్రులకు చూపదలచిన మొదటి విషయమిది. విద్య ఎవరిదో వారి పేరు చెప్పుట.

1967 ఏప్రిల్‌లో పోలండు రాజధాని వార్సా నగరమున వాయించిరి. కమ్యూనిస్టు ప్రభుత్వముగల దేశములో అట్టి కచేరి అప్పటికి అరుదు.

ఇక చెడ్డ సంగతులు. అదే యేడు మత్తుపదార్థముల నేరముపై జాగర్, రిచర్డ్స్ ఇరువురకును శిక్ష పడి, అప్పీలులో ఖైదు తప్పెను. బ్రయన్ జోన్స్‌కు తప్పలేదు, అది ఖైదుకన్న ఘోరము. బృందమును కూర్చుటలో ముందు నిలిచినవాడు, అనేక వాద్యములు తెలిసినవాడు, మత్తులో పడి వాద్యము పట్టుకొనలేని స్థితికి వచ్చెను. 1969 జూన్‌లో బృందమువారే అతనిని పంపివేసిరి. జూలై 3వ తేదీన తన యింటి ఈతకొలనులో చనిపోయియుండెను. అతని వయస్సు 27 ఏండ్లు. రెండు దినముల తరువాత లండనులోని హైడ్ పార్కులో ముందే ఏర్పాటైయున్న ఉచిత కచేరిని అతని స్మృత్యర్థము జరిపిరి. జాగర్ షెల్లీ కవి విలాపకావ్యమునుండి కొంత చదివెను. తెల్లని సీతాకోకచిలుకలను పెట్టెలనుండి విడిచిరి. వానిలో అనేకము పెట్టెలలోనే చచ్చియుండెను. రెండేండ్లుగా పర్యటన చేయకపోవుటచే గిటారుల శ్రుతి కుదరలేదు. లక్షలాది జనుల ఎదుట జరిగిన ఆ కచేరి విద్యగా చూచిన మంచి కచేరి కాదు. దుఃఖము సాధనకు బదులు కానేరదు.

అదే యేటి చివర అమెరికాలో తిరిగిరి. ఈసారి తగిన ధ్వనివర్ధకములు వెంట గొనిపోయిరి. జనులు కేకలు మాని వినసాగిరి. న్యూయార్కులో వాయించినది రికార్డుగా వచ్చి నేటికిని పేరుపొందియున్నది. ఆ పర్యటన అంతటితో ముగిసియుండిన ఎంత బాగుండెడిదో!

డిసెంబరు 6వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున ఆల్టమాంట్ అను మోటారు పందెముల మైదానమున ఉచిత కచేరి పెట్టిరి. స్థలము నిశ్చయమైనది ఒకటి రెండు దినముల ముందు మాత్రమే. వచ్చినవారు సుమారు 3 లక్షలు. వేదికను వేరొకచోట, గుట్టమీద నిలుపుటకై సిద్ధపరచిరి. అందుచే దాని ఎత్తు మూడు నాలుగడుగులకు మించదు. ఇచ్చట దానిని పల్లములో నిలిపిరి. వెనుకనుండి త్రోసిన జనమంతయు వేదికమీదికే జారుచుండెను. మరుగుదొడ్లు, వైద్యము, మంచినీరు ఏదియు చాలలేదు. కావలికి హెల్స్ ఏంజెల్స్ అను మోటారుసైకిళ్ల ముఠాను నిలిపిరి. వారికి కావలసినంత మద్యమిచ్చిరి. కొట్లాటలు పెరిగి, బృందము వాయించుచుండగనే వేదిక యెదుట ఒక నల్లజాతి యువకుడు కత్తిపోట్లకు గురియై మరణించెను. ఆనాడు ఇంకను ముగ్గురు చనిపోయిరి. ఇద్దరు కారు క్రిందపడి, ఒకరు కాలువలో మునిగి. నల్లవారి పాటను నేర్చి పేరు తెచ్చుకొనినవారి యెదుటనే ఇది జరిగెను. దీనిని తలచినప్పుడెల్ల మాకు మాట రాదు.

దోషమెవరిదని నేటికిని వాదములు కలవు. బడి ఉత్సవములలో వెదురు కట్టి జనమును ఆపిన అనుభవముతో మా అభిప్రాయము చెప్పుదుము. సంగీతము ఎవరిని చంపలేదు. వేదిక ఎత్తు, నేల వాలు, కావలివాని చేతిలోని సీసా, ఇవి చంపినవి. ఉచితమనగా సిద్ధపడనక్కర లేదని తలచుట చంపినది. ఆ తరువాతి పర్యటనలలో కావలి పని తెలిసినవారికి అప్పగింపబడినది, ఏర్పాట్లు నెలల ముందే చేయబడినవి.

1970 తరువాతి పదియేండ్లను త్వరగా దాటుదుము. 1973 జనవరిలో నికరాగ్వా భూకంప బాధితులకై లాస్ ఏంజిలెస్‌లో ఒక సహాయ కచేరి చేసిరి. 1975లో వాట్స్ కూడ ఆలోచన చెప్పగా పద్మము రేకులు విచ్చినట్లు తెరచుకొను వేదిక కట్టించిరి. మిక్ టేలర్ పోయెను, రోనీ వుడ్ వచ్చెను. 1977లో రిచర్డ్స్ కెనడాలో హెరాయిన్‌తో పట్టుబడెను. సుదీర్ఘమైన ఖైదు తప్పదనిరి. కాని 1978లో న్యాయమూర్తి అతనిని చెరకు పంపక, అంధుల సహాయార్థము కచేరి చేయవలెనని తీర్పులో విధించెను. 1979 ఏప్రిల్‌లో ఓషావా పట్టణమున ఆ కచేరీలు జరిగెను. పిల్లలను శిక్షించుటయే పనియైన మాబోటివారు ఆలోచింపదగిన తీర్పిది. అయినను ఒక్కమాట. రిచర్డ్స్ బ్రదికి బయటపడెనని చూచి మత్తు ప్రమాదము కాదనుకొనరాదు. జోన్స్ కూడ అదే వేదికమీదివాడే.

1981లో వారు అమెరికాలోని మహామైదానములలో వాయించుచుండిరి. ఆ పర్యటన నడుమ నవంబరు 22వ తేదీ రాత్రి షికాగోలో చెకర్‌బోర్డ్ లౌంజ్ అను చిన్న క్లబ్బునకు పోయి, మడ్డీ వాటర్స్ పాడుచుండగా ప్రక్కన నిలిచి పాడిరి, వాయించిరి. ఏ పాటనుండి తమ పేరు తెచ్చుకొనిరో ఆ పాట పాడినవానికి అప్పటికి 68 ఏండ్లు. 1983లో ఆయన మరణించెను. ఆ రాత్రి చిత్రము పదిలముగా నున్నది. శిష్యులు లోకప్రసిద్ధులు, గురువు పాటను నడపువాడు. ఆ గదిలో ఎవరు పెద్దయో ఎవరికిని సందేహము కలుగదు.

1982 తరువాత జాగర్, రిచర్డ్స్‌ల నడుమ కలహము పెరిగి ఏడేండ్లు పర్యటన లేకపోయెను. 1989లో సమాధానపడి మరల బయలుదేరిరి. ఈ రెండవ యౌవనమునకు ఒక కారణము చక్ లీవెల్ అను పియానో విద్వాంసుడు. ఆయన ప్రతి పాటకు స్వరము, నడక, అమరిక వ్రాసి పుస్తకములుగా కూర్చెను. ఏనాడు ఏ ఊర ఏ పాటలు వాయించిరో వ్రాసియుంచెను. మన హాజరు పట్టీకంటె శ్రద్ధగా వ్రాసినవి! నలుబదియేండ్ల క్రిందటి పాటను మరల ఎత్తుకొనవలసినప్పుడు వారు మొదట తెరచునది ఆ పుస్తకమునే. చార్లీ వాట్స్ పద్ధతి వేరు. 1967నుండి పర్యటనలలో తాను పడుకొనిన ప్రతి హోటలు మంచమును ఆయన చిత్రించెను.

వాట్స్ వాద్యమును గూర్చి సంగీతము తెలిసినవారు చెప్పు మాట ఒకటి కలదు. సామాన్యముగా ఇట్టి బృందములలో అందరును డ్రమ్ములవాని తాళము ననుసరింతురు. ఈ బృందములో డ్రమ్ములవాడు రిచర్డ్స్ గిటారు ననుసరించును. అందుచే ఆయన దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యముగా పడును. తప్పువలె తోచు ఆ ఆలస్యమే వారి పాటకు ఊపు. పుస్తకములో వ్రాయరాని ఈ విషయము ఒకరినొకరు విని, విని కుదురుకొనినది.

1973లో మత్తుపదార్థముల నేరము కారణముగా జపాను ప్రభుత్వము వీరి రాకను అంగీకరింపలేదు. 1990 ఫిబ్రవరిలో అదే దేశము టోక్యోలో పది కచేరీలు వినెను. ఆ ఆగస్టులో ప్రాగ్ నగరమున వాయించిరి. కమ్యూనిస్టు ప్రభుత్వము పడిపోయి అప్పటికి ఏడాది కాలేదు. అధ్యక్షుడు వాట్స్‌లావ్ హావెల్ వారిని స్వయముగా ఆహ్వానించెను. తరువాత వారు ప్రాగ్ కోటలోని మందిరములకు దీపముల ఏర్పాటు చేయించి యిచ్చిరి.

వేదికలు మేడలంత పెరిగినవి. వెనుకవారికి ముఖములు కనబడక పెద్ద తెరలు వచ్చినవి. 1997నాటి పర్యటనలో వేదికనుండి ఒక వంతెన ముందునకు సాగి జనమధ్యమున చిన్న తిన్నెను చేరెడిది. ఆ చిన్న తిన్నెమీద కొన్ని పాటలు, చేయిచాచిన అందునంత దగ్గరగా నిలిచి, వాయించిరి. 2002-03లో ఒకే పర్యటనలో చిన్న శాలలు, లోపలి క్రీడాభవనములు, బయలు మైదానములు మూడింటను వాయించిరి. ఏబది వేలమందికి సరిపోవు పాట రెండు వేలమందికి సరిపోదని వారు చెప్పక చేసి చూపిరి.

ఆ పర్యటనలోనే భారతదేశమునకు వచ్చిరి. 2003 ఏప్రిల్ 4వ తేదీన బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులోను, 7వ తేదీన బొంబాయి బ్రేబోర్న్ స్టేడియములోను వాయించిరి. సార్స్ వ్యాధిచే చైనా కచేరీలు రద్దయిన దినములవి. మా తల్లిదండ్రులలో ఒకరు ఆనాడు బెంగుళూరులో టిక్కెట్టు కొని పోయిరట. అభ్యంతరము చెప్పుటకు వచ్చిన నలుగురిలో ఆయనయు ఒకరు! మేమీ సంగతి అడుగగా నవ్వి, పాటలు జ్ఞాపకము లేవు గాని దూరమునుండి మొట్టమొదట వినబడిన డ్రమ్ముల దెబ్బ మరువలేదనిరి.

2006 ఫిబ్రవరి 18న బ్రెజిలులోని కోపకబానా సముద్రతీరమున ఉచిత కచేరికి 15 లక్షలమంది వచ్చిరని అధికారుల అంచనా. ఏప్రిల్‌లో షాంఘైలో వాయించినప్పుడు చైనా ప్రభుత్వము కొన్ని పాటలు పాడరాదని ఆంక్ష పెట్టగా వారు అంగీకరించిరి. కొందరు దీనిని నిందించిరి. 2005-07 పర్యటన రాబడి 55 కోట్ల డాలర్లు దాటెను. ధనికులే టిక్కెట్టు కొనగల స్థితికి ఈ సంగీతము వచ్చెనను నింద మాత్రము మాకు సమంజసముగా తోచుచున్నది. ప్రత్తిచేలలో పుట్టిన పాట అది. 2016 మార్చి 25న క్యూబా రాజధాని హవానాలో ఉచితముగా పాడినప్పుడు ఆ నింద కొంత తీరెను. ఆ దేశమున రాక్ సంగీతమును చాలకాలము ప్రభుత్వము అనుమానముతో చూచినది. దాచుకొని వినినవారు ఆనాడు నెరసిన తలలతో మనుమలను వెంటబెట్టుకొని వచ్చిరి. అదే యేటి డిసెంబరులో వారు విడుదల చేసిన రికార్డులో తమ సొంత పాట ఒక్కటియు లేదు. అన్నియు పాత బ్లూస్ పాటలే. దానిని మూడు దినములలో వాయించి ముగించిరి.

జాగర్‌కు 2019లో గుండె కవాటమునకు చికిత్స జరిగెను. కొన్ని వారములకే మరల వేదిక నెక్కెను. 2021 ఆగస్టు 24న చార్లీ వాట్స్ 80వ యేట మరణించెను. సెప్టెంబరు 26న సెయింట్ లూయిస్ నగరమున ఆయన లేని పర్యటన మొదలయ్యెను. ఆనాడు మొదట వేదికపై మనుష్యులు లేరు. డ్రమ్ముల మ్రోత మాత్రము వినబడుచుండగా తెరపై ఆయన చిత్రములు కనబడెను. పిమ్మట స్టీవ్ జోర్డన్ కూర్చుండి వాయించెను. 2024 ఏప్రిల్‌నుండి జూలైవరకు వారు మరల అమెరికాలో తిరిగిరి. అప్పటికి జాగర్, రిచర్డ్స్ ఇరువురకును 80 ఏండ్లు.

ఈ సంగతులన్నియు గత నెల తల్లిదండ్రుల సమావేశమున చదివి వినిపించితిమి. రెండు గంటలు చర్చ జరిగెను. ఇద్దరు చివరవరకు ఒప్పుకొనలేదు. వారి అభ్యంతరమును పుస్తకములో వ్రాసితిమి. తక్కినవారి సమ్మతితో బాలురకు అనుమతి ఇచ్చితిమి. పాట తెలుగులోనే ఉండును, దానిని కట్టినవారి పేరు పాడుటకు ముందు సభలో చెప్పవలెను. సాధన శనివారములలో బడి విడిచిన పిదప ఐదవ తరగతి గదిలో జరుగుచున్నది. ఆ గదిలో ముప్పదిమందికి చోటు కలదు. తల్లిదండ్రులు వచ్చి వినవచ్చును. డ్రమ్ములు వాయించు బాలుడు ప్రస్తుతము గిటారుకంటె చాల ముందు పోవుచున్నాడు.